చమురు ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఒకటే తలనొప్పి: అరబ్ దేశాల్లో ఉద్యోగాలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఓరుగల్లు మాస్టారు

మన దగ్గర గల్ఫ్ మీద ఏ థ్రెడ్ మొదలైనా అకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డు), వీసా, టికెట్ ధరల దగ్గరికే వెళ్లి ఆగుతోంది. మనవాళ్ల బతుకులు అక్కడున్నాయి కాబట్టి తప్పేం లేదు. ఈసారి మన సంగతి కాసేపు పక్కనపెట్టి, వాళ్ల సంగతి మాట్లాడుకుందాం.

అరబ్ లీగ్‌లో 22 దేశాలున్నాయి. మనకు తెలిసినవి గల్ఫ్‌లోని ఆరే. మిగతావాటిలో ఈజిప్టు, మొరాకో, ట్యునీషియా, జోర్డాన్, లెబనాన్ లాంటివన్నీ చమురు మీద బతికే దేశాలు కావు. 2002లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తరఫున అరబ్ మేధావులే ఒక మానవాభివృద్ధి నివేదిక రాశారు. 1999లో అరబ్ దేశాలన్నింటి జీడీపీ కలిపినా ఒక్క స్పెయిన్ జీడీపీకి సరిపోలేదని అందులో ఉంది. లోటు డబ్బులో లేదు, స్వేచ్ఛలో, స్త్రీల భాగస్వామ్యంలో, విజ్ఞానంలో ఉందన్నారు. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు, 2010 డిసెంబర్ 17న ట్యునీషియాలోని సిదీ బౌజిద్‌లో తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముకునే మహమ్మద్ బువజీజీ ఒంటికి నిప్పంటించుకున్నాడు. నెల తిరక్కుండానే అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చదువుకున్న కుర్రాడికి సర్కారు కొలువు తప్ప వేరే దారి కనపడకపోవడమే అక్కడి అసలు జబ్బు. చమురు ఉన్నచోట ఆ కొలువు ఇస్తారు, లేనిచోట ఇస్తామని చెప్తారు. కాదనేవాళ్లు కాదనండి.

జగిత్యాల పోరడు

మాస్టారూ, కువైట్లో పుట్టినోనికి తలనొప్పి ఏంది? పుట్టంగనే జీతం పట్టీల పేరు ఎక్కుతది 😀 తలనొప్పంతా మనకే.

రియాద్ పద్దులు

రియాద్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో లెక్కలు చూస్తాను. మాస్టారి మాట ఇక్కడ రోజూ కళ్లకు కనపడుతుంది.

2014 జూన్‌లో పీపా చమురు 115 డాలర్ల దాకా ఉంది. 2016 జనవరికి 30 కంటే కిందికి దిగింది. ప్రభుత్వం కాంట్రాక్టర్ల బిల్లులు ఆపింది, కాంట్రాక్టర్లు జీతాలు ఆపారు. ఆ ఎండాకాలం వేలమంది మనవాళ్లు క్యాంపుల్లో తిండి లేక అల్లాడితే భారత కాన్సులేట్ రేషన్ పంచాల్సి వచ్చింది. చమురు మీద ఆధారపడటం తగ్గించుకుంటామంటూ సౌదీ విజన్ 2030 ప్రణాళిక ప్రకటించింది కూడా ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. ఈ రెంటినీ విడివిడిగా చూడకండి. చమురు ధర పడితే దేశం మొత్తానికి జీతం ఆగుతుందని పైవాళ్లకు అప్పుడు గట్టిగా తగిలింది.

ఆ తర్వాత జరిగిందంతా నా రిజిస్టర్లలో ఉంది. 2017 జూలై నుంచి మనలాంటివాళ్ల కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల ఫీజు, ఏటా వంద పెంచుకుంటూ 2020కి 400 చేశారు. 2018 జనవరిలో 5 శాతంతో వ్యాట్ మొదలైంది, 2020 జూలైలో ఒక్కసారిగా 15 అయింది. భార్యాపిల్లల్ని ఇంటికి పంపేసి మళ్లీ బ్యాచిలర్ రూముల్లోకి మారిన మనవాళ్లు కోకొల్లలు.

నితాకత్, అంటే కంపెనీలు ఇంతమంది సౌదీలను పెట్టుకోవాలనే కోటా, 2011 నుంచి ఉంది. కంపెనీలో సౌదీల శాతాన్ని బట్టి ఎరుపు, ఆకుపచ్చ, ప్లాటినం అని రంగులు ఇస్తారు. ఎరుపులో పడితే వీసాలు బంద్. మొదట్లో చాలా కంపెనీలు సౌదీ కుర్రాళ్ల పేర్లు జీతాల పట్టీలో రాసి, ఇంట్లోనే ఉండమని చెప్పి ఎంతో కొంత చేతిలో పెట్టేవి. ఇప్పుడు ఆ పప్పులు అంతగా ఉడకడం లేదు. మా ఆఫీసులో రిసెప్షన్, హెచ్ఆర్, కొనుగోళ్లు అన్నీ సౌదీ ఆడపిల్లలే చూస్తున్నారు. 2018 జూన్ దాకా వాళ్లకు కారు నడిపే హక్కే లేదు! విజన్ ప్రకటించేనాటికి పనిలోకి వచ్చే సౌదీ స్త్రీలు ఐదుగురిలో ఒకరు కూడా లేరు, ఇప్పుడు ముగ్గురిలో ఒకరికి పైనే. సౌదీల్లో నిరుద్యోగం అప్పట్లో 12 శాతం దాటి ఉండేది, 2024 చివరికి 7 దగ్గరికి దిగింది.

అనుమానాల రావు

పద్దులు గారూ, ఆడవాళ్ల విషయం ఒప్పుకుంటాను, అది నిజంగా పెద్ద మార్పు. మరి సౌదీ ఎడారిలో కడతామన్న కొత్త నగరం నియోమ్ మాటేమిటి? 2017 అక్టోబర్‌లో 500 బిలియన్ డాలర్లన్నారు. ది లైన్ అని 170 కిలోమీటర్ల పొడవున అద్దాల గోడల మధ్య 90 లక్షల మంది ఉండే నగరం అన్నారు. 2030కి అందులో రెండున్నర కిలోమీటర్ల దగ్గరే ఆగుతుందని 2024లోనే వార్తలొచ్చాయి.

పెట్టుబడి పెట్టేది ప్రభుత్వ నిధి, కంపెనీ ప్రభుత్వానిది, కస్టమర్ కూడా ప్రభుత్వమే. దీన్ని ప్రైవేటు రంగం అని ఎలా అంటాం? ఏటా 100 బిలియన్ డాలర్ల విదేశీ పెట్టుబడి లక్ష్యంగా పెట్టుకున్నారు, 2024లో వచ్చింది అందులో మూడో వంతుకు కూడా చేరలేదు. బడ్జెట్ లెక్క కుదరాలంటే చమురు 90 డాలర్లు దాటాలని ఐఎంఎఫ్ అంటోంది. చమురు మీద ఆధారపడకుండా ఉండటానికి చేసే ఖర్చు కూడా చమురు ధర మీదే ఆధారపడి ఉంది.

రియాద్ పద్దులు

నియోమ్‌ని నేనెప్పుడు వెనకేసుకొచ్చాను రావు గారూ? 😀 ఇక్కడివాళ్లే దాని గురించి గట్టిగా మాట్లాడరు. మీ మాటకు ఇంకో సంగతి చేరుస్తాను. నితాకత్ లెక్కలో ఒక సౌదీని పూర్తి ఉద్యోగిగా చూపాలంటే కనీసం 4,000 రియాళ్లు ఇవ్వాలి. అదే కుర్చీలో కూర్చునే మనవాడికి అందులో సగం ఇచ్చినా వస్తాడు. ఈ తేడా ఉన్నంతకాలం ఏ ఓనరూ ఇష్టపడి సౌదీని పెట్టుకోడు, పెట్టుకోకపోతే జరిమానా అంటేనే పెట్టుకుంటాడు. చౌక కూలీ దొరికినన్నాళ్లు యంత్రం కొనేవాడు కూడా ఉండడు. మా సైట్లలో పదిమంది చేత మోయించే సామాను ఒక చిన్న క్రేన్ మోస్తుంది. క్రేన్ అద్దె కంటే పదిమంది చౌక, అంతే.

రాజంపేట అమ్మాయి

జగిత్యాల అన్న కువైట్ అన్నారు కాబట్టి చెప్తున్నా. మా అమ్మ చాలా ఏళ్లు అక్కడ ఇళ్లలో పనిచేసింది, ఇంటి పనివాళ్లకిచ్చే ఇరవయ్యో నంబర్ వీసా మీద. మా కడప వైపు ఇంటికొకరు ఉంటారు కువైట్‌లో. అమ్మ పనిచేసిన ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు, ముగ్గురూ డిగ్రీ చేశారు. ముగ్గురూ సర్కారు ఉద్యోగం కోసం పేరు నమోదు చేసుకుని ఇంట్లో కూర్చున్నారట. ప్రైవేటులో చేరమంటే వాళ్ల నాన్న నవ్వేవాడట. ఉద్యోగం ఉన్న కువైటీల్లో పదిమందిలో ఎనిమిదిమంది ప్రభుత్వంలోనే ఉన్నారు మరి.

డబ్బు మాత్రం కొండంత ఉంది. ప్రపంచంలో మొట్టమొదట ప్రభుత్వ పెట్టుబడి నిధి పెట్టింది వాళ్లే, 1953లో, ఇంకా స్వాతంత్ర్యం రాకముందు. 1976లో రేపటి తరాలకని ఇంకో నిధి పెట్టి, వచ్చే ఆదాయంలో పదో వంతు అందులో వేసేవాళ్లు. అయినా ఇంటి ఖర్చుకి ఇబ్బంది పడ్డారు. అప్పు చట్టం 2017లో గడువు ముగిస్తే పార్లమెంటుకీ ప్రభుత్వానికీ పడక ఏళ్ల తరబడి కొత్తది రాలేదు. 2024 మేలో అమీర్ పార్లమెంటునే రద్దు చేశాక, 2025లో అప్పు చట్టం వచ్చింది.

పక్కనున్న దుబాయ్, రియాద్ ఎక్కడికో పోయాయి, మేము ఇక్కడే ఉండిపోయామని కువైటీలే అనుకుంటారని అమ్మ చెప్పేది.

జగిత్యాల పోరడు

గట్లనా! నేను పైపైన మాట్లాడిన గని, ఇంట్ల కూసున్న పిల్లలకు జీతం ఇచ్చుడు ఎన్నాళ్లు నడుస్తది చెల్లె? మా దిక్కు దుబాయ్ పోయినోళ్లు చెప్పేది వేరే. ఆడ చమురు లేకున్నా నడుస్తుందంటరు.

అనుమానాల రావు

దుబాయ్ చమురు లేకుండా నడుస్తుందన్నది సగం నిజం. జబెల్ అలీ రేవు 1979లో కట్టినప్పుడు ఇంత పెద్దది ఎవరికని నవ్వారు. 1985లో ఫ్రీ జోన్ (పన్ను మినహాయింపులుండే వ్యాపార ప్రాంతం) పెట్టారు, అదే ఏడాది ఎమిరేట్స్ విమానాలు మొదలయ్యాయి. చమురు ఇంకా ఉన్నప్పుడే, అయిపోతుందన్న భయంతో కట్టారు. ఆ ముందుచూపుకు దండం పెట్టాల్సిందే. కానీ 2009 నవంబర్‌లో అక్కడి ప్రభుత్వ కంపెనీ దుబాయ్ వరల్డ్ అప్పులు కట్టలేనని చేతులెత్తేస్తే ఆదుకున్నది ఎవరు? అబుదాబి, 10 బిలియన్ డాలర్లతో. అబుదాబికి ఆ డబ్బు ఎక్కడిది? చమురుదే. బుర్జ్ దుబాయ్ పేరు రాత్రికి రాత్రి బుర్జ్ ఖలీఫా అయింది అందుకే. అప్పటి అబుదాబి పాలకుడు ఖలీఫా పేరు ఊరికే పెట్టలేదు.

సముద్రం మీద

మర్చంట్ నేవీలో ఉన్నాను, ఊరు విశాఖ. నెట్ దొరికినప్పుడు చదువుతుంటాను. గల్ఫ్ గురించే మాట్లాడుతున్నారు, సూయజ్ దాటి అవతలికి రండి.

మేము ఆ కాలువ గుండా వెళ్లినప్పుడల్లా ఈజిప్టు ఖజానాలో డాలర్లు పడతాయి. పెద్ద కంటైనర్ షిప్పు ఒకసారి దాటితే ఫీజు లక్షల డాలర్లలో ఉంటుంది. 2015లో 8 బిలియన్ డాలర్లు పెట్టి కాలువను విస్తరించినప్పుడు, 2023కి ఏడాదికి 13 బిలియన్ల ఆదాయం వస్తుందన్నారు. అంత రాకపోయినా 2023లో 10 బిలియన్లు దాటింది. ఆ ఏడాది నవంబర్ నుంచి ఎర్ర సముద్రంలో యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు నౌకల మీద దాడులు మొదలుపెట్టారు. చాలా కంపెనీలు ఓడల్ని ఆఫ్రికా కింద గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిప్పాయి. మాకు పది రోజుల నుంచి రెండు వారాల అదనపు ప్రయాణం. ఈజిప్టుకు 2024లో ఆదాయం 4 బిలియన్ల దగ్గరికి పడిపోయింది. ఈజిప్టు చేసిన తప్పేమీ లేదు. పక్కింటి యుద్ధానికి బిల్లు ఈ ఇంటికి వచ్చింది.

ఎర్ర సముద్రం దాటేటప్పుడు ఇంజిన్ రూములో మాకుండే టెన్షన్ వేరే కథ, అది మరోసారి రాస్తాను.

ఓరుగల్లు మాస్టారు

కెప్టెన్ గారూ (కాకపోయినా అలాగే పిలుస్తాను), మంచి చోటికి తెచ్చారు. అరబ్ ప్రపంచంలో ఈజిప్టును వదిలేసి అభివృద్ధి గురించి మాట్లాడటం కుదరదు. పది కోట్లు దాటిన జనం, నైలు నది వెంట సన్నటి పట్టీలో ఇరుక్కుని ఉంటారు. గోధుమలు దిగుమతి చేసుకోవడంలో ప్రపంచంలో ముందుండే దేశం.

రొట్టె కథ ఒకటి చాలు. 1977 జనవరిలో అన్వర్ సాదత్ ప్రభుత్వం ఐఎంఎఫ్ మాట విని సబ్సిడీలు కోస్తే దేశం తగలబడింది, రెండు మూడు రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. అప్పటి నుంచి రొట్టె ముట్టుకోవాలంటే ప్రతి పాలకుడికీ భయమే. సబ్సిడీ రొట్టె ధర మూడు దశాబ్దాలకు పైగా 5 పియాస్టర్లే (వంద పియాస్టర్లు ఒక పౌండు). 2024 జూన్‌లో 20 చేశారు. నాలుగు రెట్లు పెంచినా తయారీ ఖర్చులో అది చిన్న భాగమే.

పౌండు సంగతి ఇంకా ఘోరం. 2022 మొదట్లో డాలరుకు 16 లోపు ఉండేది, 2024 మార్చిలో 50 దగ్గరికి చేరింది. జీతం అంతగా పెరగలేదు, దిగుమతి గోధుమ, నూనె, మందుల ధర మాత్రం డాలరుతో పాటు పెరిగింది. ఆ నెలలోనే ఐఎంఎఫ్ తన రుణాన్ని 3 నుంచి 8 బిలియన్లకు పెంచింది. దానికి ముందు నెల అబుదాబి నిధి ఒకటి మధ్యధరా తీరంలోని రస్ ఎల్ హిక్మా అనే జాగాను అభివృద్ధి చేయడానికి 35 బిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకుంది. అందులో 24 కొత్త డబ్బు, మిగతా 11 ఈజిప్టు కేంద్ర బ్యాంకులో యూఏఈ అప్పటికే వేసి ఉంచిన డిపాజిట్లు. పొలం అమ్మి వడ్డీ కట్టిన రైతును చూసినట్టుంది నాకు. ఈ ఏడు గడుస్తుంది, వచ్చే ఏడు ఏం అమ్ముతారు?

దీని వెనక ఇంకోటి ఉంది. సిమెంటు, రోడ్లు, పాస్తా, మినరల్ వాటర్ దాకా సైన్యం కంపెనీలు ఉన్నాయి. పన్నుల్లో మినహాయింపు, నామమాత్రపు జీతానికి సైనికుల శ్రమ ఉన్నవాడితో మామూలు వ్యాపారి ఎలా పోటీపడతాడు? కైరో పక్కన ఎడారిలో 2015 నుంచి కొత్త రాజధాని కడుతున్నారు. మన తెలుగువాళ్లకు కొత్త రాజధాని ఖర్చుల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది!

అనుమానాల రావు

మాస్టారూ, అమరావతి జోలికి వెళ్లకండి, థ్రెడ్ మళ్లిపోతుంది 🙏

నిర్వాహకుడు

రావు గారు చెప్పింది నిజం. రాజధాని మీద రాసిన నాలుగు పోస్టులు, మతం మీద రాసిన రెండు పోస్టులు తీసేశాను. విషయం మీదే ఉండండి.

సముద్రం మీద

ఈజిప్టు చూసి నీరసపడకండి. జిబ్రాల్టర్ జలసంధి దగ్గర మొరాకోలోని టాంజర్ మెడ్ రేవుకు వెళ్తే మనసు బాగుపడుతుంది. 2007లో మొదలైంది, ఇప్పుడు మధ్యధరాలో కంటైనర్లు ఎక్కువగా దిగే రేవుల్లో ముందుంది. అవతలి ఒడ్డున యూరప్, మధ్య నీళ్లు 14 కిలోమీటర్లే. 2012లో టాంజర్ దగ్గర రెనో కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, 2019లో కెనిత్రాలో ప్యూజో వాళ్లది వచ్చింది. సీట్లు, వైర్లు, అద్దాలు చేసే కంపెనీలు వాటి వెనకే వచ్చాయి. కార్లు రైల్లో నేరుగా రేవులోకి వచ్చి షిప్పెక్కుతాయి. 2023లో కార్ల రంగం ఎగుమతులు 14 బిలియన్ డాలర్ల దాకా వెళ్లాయి, ఫాస్ఫేట్‌ను దాటేసి. చమురు చుక్క లేని దేశం ఇది.

నా లెక్కలో అరబ్ దేశాలకు అసలైన అవకాశం ఇదే. ఉన్న చోటును అమ్ముకోవడం.

అనుమానాల రావు

మొరాకో అంత బాగుంటే 2025 సెప్టెంబర్ చివర్లో కుర్రకారు వీధుల్లోకి ఎందుకొచ్చారు సార్? జెన్‌జీ 212 అని పేరు పెట్టుకుని ఊరూరా బయటికొచ్చారు. 2030 ప్రపంచ కప్‌కి స్టేడియంలు కడుతున్నారు, ఆసుపత్రులేవి అని అడిగారు. అగాదిర్ ఆసుపత్రిలో ప్రసవానికి వెళ్లిన ఆడవాళ్లు చనిపోవడంతో రాజుకుంది అది. పట్నాల్లో, పల్లెల్లో కలిపి 25 ఏళ్ల లోపు పిల్లల్లో పని వెతుక్కునేవాళ్లలో మూడో వంతుకు పైగా నిరుద్యోగులే. కాసాబ్లాంకా నుంచి టాంజర్‌కి 2018లోనే హైస్పీడ్ రైలు వేశారు, ఆఫ్రికాలో మొదటిది. ఆ పట్టాలకు దూరంగా కొండల్లో ఉన్నవాళ్లు వరస కరువుల్లో పశువులు అమ్ముకున్నారు.

ఓరుగల్లు మాస్టారు

ఆ రెండూ నిజమే. ఫ్యాక్టరీలు వచ్చినంత మాత్రాన సరిపోవు, జనం ఉన్న వేగానికి వాటి సంఖ్య చాలదు. అయినా రావు గారూ, మొరాకో కుర్రాళ్లు ఆసుపత్రి అడుగుతున్నారు, బడి అడుగుతున్నారు. సర్కారు కొలువు అని మొదట అడగలేదు. అది నాకు ఆశ కలిగించింది.

గాజువాక ఎరువులు

ఫాస్ఫేట్ మాట వచ్చింది కాబట్టి నేనూ దిగుతున్నా. ఎరువుల రంగంలో పనిచేస్తాను. ప్రపంచంలో ఫాస్ఫేట్ రాయి నిల్వల్లో 70 శాతం దాకా మొరాకో చేతిలో ఉన్నాయి. మొరాకో తనదంటున్న పశ్చిమ సహారా ప్రాంతపు వివాదం కూడా అందులో కలిసి ఉందనుకోండి, అది వేరే తగాదా. మన ఖరీఫ్‌లో డీఏపీ బస్తా కోసం రైతు క్యూలో నిలబడతాడే, ఆ బస్తా వెనక మొరాకో, జోర్డాన్, సౌదీ, ట్యునీషియా ఉంటాయి. యూరియా అయితే కొంత ఒమన్‌లోని సూర్ నుంచి వస్తుంది, ఆ ఫ్యాక్టరీలో సగం వాటా మన ఇఫ్కో, క్రిభ్‌కోలది. విశాఖలో ఫ్యాక్టరీ ఉన్న కోరమండల్‌కి ట్యునీషియా ఫాస్ఫారిక్ యాసిడ్ ప్లాంటులో వాటా ఉంది.

ఒకప్పుడు వీళ్లు రాయి తవ్వి ఓడకెత్తేవాళ్లు. ఇప్పుడు యాసిడ్, ఎరువు అక్కడే చేస్తున్నారు, లాభం అక్కడే ఉంటోంది. 2025 జూలైలో సౌదీ గనుల కంపెనీ మాదెన్‌తో మన కంపెనీలు ఐదేళ్ల ఒప్పందం చేసుకున్నాయి, ఏటా 31 లక్షల టన్నుల డీఏపీకి. చైనా ఎగుమతులు బిగించాక మనకు వేరే దిక్కు లేదు.

ట్యునీషియా మాత్రం చేజేతులా పోగొట్టుకుంది. 2010 దాకా ఏటా 80 లక్షల టన్నుల దాకా తవ్వేవారు. విప్లవం తర్వాత గఫ్సా గనుల దగ్గర, ఉద్యోగం ఇస్తేనే రైలు కదలనిస్తామని కుర్రాళ్లు పట్టాల మీద కూర్చున్నారు. కంపెనీ వేలమందిని చేర్చుకుంది, ఉత్పత్తి సగానికి పైగా పడింది. మాస్టారి సిద్ధాంతానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

జగిత్యాల పోరడు

రైలు ఆపి నౌకరి అడిగిన్రా 😮 సింగరేణిల గుడ వారసత్వ ఉద్యోగాల కొట్లాట చూసినం గని గింత కాదు.

రియాద్ పద్దులు

అందరూ వదిలేసింది ఒకటుంది. ఒకే భాష, చాలావరకు ఒకే మతం, ఆనుకుని ఉన్న దేశాలు. వాటి మధ్య వ్యాపారం మొత్తం వాణిజ్యంలో పదో వంతు దగ్గరే తచ్చాడుతోంది. అల్జీరియా, మొరాకో సరిహద్దు 1994 నుంచి మూసే ఉంది. ఆ రెంటి మీదుగా స్పెయిన్‌కి వెళ్లే గ్యాస్ పైపులైను 2021లో ఆగిపోయింది. 2017 జూన్ నుంచి 2021 జనవరి దాకా సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతర్‌ని వెలివేశాయి. మా కంపెనీకి దోహాలో సైటు ఉండేది, ఫైలు రాత్రికి రాత్రి మూతపడింది. ఖతర్ వాళ్లు పాల కోసం ఆవుల్ని విమానాల్లో దించుకుని డెయిరీ పెట్టుకున్నారు, అది బాగానే నడిచింది. కానీ పక్కదేశం ఎప్పుడు తలుపు మూస్తుందో తెలియనప్పుడు ఎవడు ఉమ్మడి ఫ్యాక్టరీ పెడతాడు?

2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ జీ20లో భారత్, గల్ఫ్, యూరప్‌లను కలిపే రవాణా కారిడార్ ప్రకటించారు. నెల తిరిగేసరికి గాజా యుద్ధం. పటాల్లో గీతలు బాగానే ఉంటాయి.

రాజంపేట అమ్మాయి

లెబనాన్ గురించి ఎవరూ అనలేదు. అక్కడ బ్యాంకులో వేసుకున్న డబ్బే ఇవ్వరట కదా?

ఓరుగల్లు మాస్టారు

అవునమ్మా. వాళ్ల కరెన్సీ లీరాను 1997 నుంచి డాలరుకు 1,507 దగ్గర కట్టేసి ఉంచారు. దాన్ని నిలబెట్టడానికి ఎక్కువ వడ్డీ చూపించి విదేశాల్లోని లెబనీయుల డాలర్లు లాగారు, ఆ డాలర్లు ప్రభుత్వానికి అప్పిచ్చారు. 2019లో కొత్త డాలర్లు ఆగాయి, 2020 మార్చిలో దేశం అప్పు ఎగ్గొట్టింది. ఆగస్టు 4న బేరూత్ రేవు పేలింది. లీరా చివరికి 89,500కి పోయింది. సొంత డబ్బు కోసం తుపాకీ పట్టుకుని బ్యాంకుకు వెళ్లినవాళ్లున్నారు. గల్ఫ్ నుంచి డబ్బు పంపే కొడుకు ఉన్న ఇల్లే అక్కడ గడిచింది. మన కరీంనగర్ పల్లెలకీ దానికీ పోలిక మీరే చూసుకోండి.

జగిత్యాల పోరడు

మాస్టారూ, పద్దులన్నా, ఇదంత సదివినంక ఒక్కటే అడుగుత. మా తమ్ముడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేస్తుండు. ఇంకో పదేండ్లు ఆడ పని ఉంటదా?

రియాద్ పద్దులు

ఉంటుంది తమ్ముడూ, కానీ మీ నాన్నల కాలం నాటి పని కాదు. రిసెప్షన్, సేల్స్, లెక్కలు, నా కుర్చీతో సహా, సౌదీల చేతికి వెళ్తున్నాయి. హెల్పర్ పనికి బంగ్లాదేశ్, నేపాల్ నుంచి ఇంకా తక్కువకి వస్తున్నారు. మధ్యలో మిగిలేది చేతిలో నిజంగా పని ఉన్నవాళ్లకే. సోలార్ ప్లాంట్లు, డేటా సెంటర్లు, మెట్రో, 2030 ఎక్స్‌పో, 2034 ఫుట్‌బాల్ కప్, అన్నిటికీ ఎలక్ట్రీషియన్లు కావాలి. ఇప్పుడు ఎలక్ట్రీషియన్, ప్లంబర్ లాంటి పనులకు సౌదీ వాళ్లు వీసాకు ముందే మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పెడుతున్నారు. కోర్సు పూర్తిగా నేర్చుకోమను. ఆజాద్ వీసా (పేరుకే యజమాని, పని మనమే వెతుక్కోవాలి) అని ఎవడైనా వస్తే మాత్రం గుమ్మంలోకి రానివ్వకండి.

రాజంపేట అమ్మాయి

మగవాళ్లకి పరీక్ష పెడుతున్నారు, మంచిదే. మా వైపు ఇళ్ల పనికి వెళ్లే ఆడవాళ్లకి అలాంటిదేం లేదన్నా. 30 ఏళ్లు నిండనివాళ్లని పంపకూడదని మన ప్రభుత్వ నిబంధన ఉంది. విజిట్ వీసా మీద పంపేసి అక్కడ మార్పిస్తామనే ఏజెంట్లు ఊరికిద్దరున్నారు. ఆ దేశం ఎంత అభివృద్ధి చెందినా వంటింటి పని లెక్కలోకి రాదు, ఇక్కడా రాదు.

ఓరుగల్లు మాస్టారు

దీనికి వేరే థ్రెడ్ కావాలమ్మా, మీరే మొదలుపెట్టండి. కువైట్‌లో 18 (కంపెనీ పని), 20 (ఇంటి పని) నంబర్ వీసాల తేడా నుంచి రాయండి, ఇక్కడ చాలామందికి అది తెలియదు. ఇరాక్ గురించి నేను రేపు రాస్తాను. బావుల దగ్గర గ్యాస్ తగలబెట్టి, కరెంటు కోసం ఇరాన్ దగ్గర గ్యాస్ కొనుక్కుంటూ వచ్చిన దేశం అది.